మార్లవాయి చెప్పిన పాఠం

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల ఆగ్రహానికి మూలమేమిటో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. 1909లో వియన్నాలో జన్మించిన ఆయన మార్లవాయి గూడెంలో నివసించి, భూమి అన్యాక్రాంతమవడమే ఆ మూలమని తేల్చారు. పట్టాల కోసం పట్టుబట్టారు. అయితే కాగితం చదవలేనివారి చేతిలో పట్టా నిలవదు. 1943లో అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు వెలువడ్డాయి. 1987లో మరణించిన సహధర్మచారిణి బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో కన్నుమూసిన ఆయన అస్థికలూ తరువాత ఆ చెంతకే చేరాయి.

గురువును గూడెం నుంచే తయారుచేయడం ఆయన మార్గం. నేడు ఆదివాసులకు బడి, వైద్యం, పౌష్టికాహారం తరచూ బయటివారు పంచే పథకాలుగానే మిగులుతున్నాయి. నిర్ణయాధికారం గూడేనికి దక్కనంతకాలం అవి దయాధర్మాలే తప్ప హక్కులు కావు.