అమ్మకమును గుర్తుపట్ట నేర్పిన గురజాడ

చదువవలసిన వాక్యభాగము: ఆదికాండము 37:23–28



యోసేపు కథ మన సంఘములలో చిన్నబిడ్డలకు సయితము తెలియును. అన్నలు అతనిని గోతిలో పడవేసి భోజనమునకు కూర్చుండిరి. అటు పోవు వర్తకులను చూచి ఇరువది వెండి నాణెములకు అమ్మివేసిరి. అమ్మినవారు దొంగలు కారు, పరాయివారు కారు. ఇంటివారే. ఈ భాగము చదివినప్పుడెల్ల మన విజయనగరములో జీవించిన ఒక పెద్దమనిషి మాకు జ్ఞాపకము వచ్చును. ఆయన గురజాడ వెంకట అప్పారావుగారు. ఆయన మన మతస్థుడు కాడు, బోధకుడును కాడు. అయినను ఇంటివారే బిడ్డను అమ్ముకొను సంగతిని మన ప్రాంతపు ప్రజలకు కన్నులకు కట్టినట్లు చూపెట్టిన మనిషి. ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది చాల యున్నది.

అప్పారావుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, అప్పటి విశాఖపట్నం జిల్లా రాయవరములో, మేనమామగారి యింట జన్మించిరి. తండ్రి వెంకటరామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. బాల్యము చీపురుపల్లిలో గడిచిన తరువాత చదువు నిమిత్తము విజయనగరము వచ్చిరి. చేతిలో సొమ్ము లేదు. మహారాజావారి కళాశాలాధ్యక్షులు చంద్రశేఖరశాస్త్రిగారు ఆ పేద విద్యార్థికి తమ యింట చోటిచ్చిరి. 1886లో బి.ఏ. ముగించి, ఆ కళాశాలలోనే ఉపాధ్యాయులైరి. తరువాత ఆనంద గజపతి మహారాజావారి సంస్థానములో శాసన పరిశోధకులుగా కుదిరిరి.

ఆ దినములలో మన ప్రాంతపు అగ్రహారములలో కన్యాశుల్కమను ఆచారము బలముగా నుండెను. పెండ్లికుమారుని వద్ద సొమ్ము పుచ్చుకొని తండ్రి తన కుమార్తె నిచ్చుటయే అది. డబ్బుగల ముసలివాడు పసిపిల్లను తెచ్చుకొనెడివాడు. అతడు కాలము చేసినచో, లోకమేమో తెలియకమునుపే ఆ పిల్ల విధవ యగును. బ్రతికినంతకాలము ఆ మోడుతనమే. ఇంత జరుగుచున్నను దానిని అమ్మకమని పిలిచినవారు తక్కువ. పెండ్లి అనిరి, సంప్రదాయమనిరి. సన్నాయి మ్రోగెను, ఊరివారు వచ్చి భోజనము చేసి పోయిరి.

ఆనంద గజపతి మహారాజావారు మూడేండ్లలో జిల్లాలో జరిగిన ఇట్టి పెండ్లిండ్లకు ఒక జాబితా వ్రాయించిరి. ఆ లెక్కను అప్పారావుగారు తమ గ్రంథపు పీఠికలో లోకమునకు తెలిపిరి. మొత్తము 1034 పెండ్లిండ్లు. సగటున ఏటికి 344. ఐదేండ్ల వయస్సున పెండ్లియైన పిల్లలు 99 మంది. నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6. ఏడాది బిడ్డలు ముగ్గురు. ఆ ఏడాది బిడ్డలకు తలకు 350 మొదలు 400 రూపాయల వరకు వెల కట్టిరి. తల్లి గర్భములోని శిశువునకు సయితము బేరము కుదుర్చుకొనిన సందర్భములున్నవట. సహోదరీ సహోదరులారా, ఈ అంకెలను ఒక్కొక్క బిడ్డగా తలంచి మరల చదువుడి.

లెక్క చదువనేర్చినవారికి తెలియును. చదువురాని వారి మాటేమి? నాటకము ఎల్లరును చూడగలరు. కనుక అప్పారావుగారు కన్యాశుల్కము అను నాటకము వ్రాసిరి. 1892లో అది విజయనగరములో మొదటిసారి ఆడబడెను, 1897లో అచ్చయ్యెను. 1909లో దానిని పెంచి, తిరుగవ్రాసి ప్రకటించిరి. పండితుల భాషలో గాక, మన వీధులలో మాటలాడుకొను భాషలో వ్రాసిరి.

ఆ నాటకములో ఏమున్నది? అగ్నిహోత్రావధాన్లు అను తండ్రి యున్నాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే బాలవితంతువు. అయినను బుద్ధి రాక, చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అను ముసలివానికి 1800 రూపాయలకు ఇచ్చుటకు ఒప్పుకొనెను. తల్లి నూతిలో పడెను. రామప్పంతులు అను దళారి యున్నాడు. ఎవరి బిడ్డ ఎక్కడ పోయినను వాని చేతికి తన పాలు రావలెను. తప్పుడు సాక్ష్యము చెప్పువారున్నారు, చూచి నవ్వి యూరకుండువారున్నారు. బిడ్డను విడిపింప పూనుకొనినవాడు మేనమామయైన కరటకశాస్త్రి. దిక్కుతోచని వేళ సహాయము చేసినది లోకము చులకనగా చూచు మధురవాణి. న్యాయస్థానమునెరిగిన వకీలు సౌజన్యారావుపంతులు కూడ ఉన్నాడు.

అమ్మకము ఒక్కనివలన జరుగదని ఆయన చూపిరి. ఆశగల తండ్రి, సొమ్ముగల కొనువాడు, నడుమ దళారి, పలుకని ఊరు, వీరందరు కూడినప్పుడే అది జరుగును. వీరిలో ఎవడైన ఒకడు కాదన్నచో బేరము చెడును. నాటకము చూచి యింటికి పోయినవాడు తన ఊరి రామప్పంతులు ఎవడో గుర్తుపట్టగలిగెను. ఆయన పరులను నిందింపలేదు. తాము పుట్టిన సమాజపు తప్పునే ఎత్తి చూపిరి. తన కంటిలోని దూలమును చూచుకొనుట యనగా ఇదియే. ముసలివానికి అమ్ముడుపోయి చెరువులో ప్రాణము విడిచిన పూర్ణమ్మ కథను గేయముగా వ్రాసినవారును వీరే. 1915 నవంబరు 30న, ఏబది మూడేండ్ల ప్రాయమున, విజయనగరములో ఆయన కన్నుమూసిరి.

కన్యాశుల్కము పోయినది. మనుష్యుల అమ్మకము పోలేదు, పేరు మార్చుకొనినది. 2024లో విశాఖపట్నం పోలీసులు ఒక సంగతి బయటపెట్టిరి. కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి దళారులు మన ప్రాంతపు యువకులను కంబోడియా దేశమునకు పంపిరి. అక్కడ వారిచేత బలవంతముగా మోసపు పనులు చేయించిరి. పల్లెలలో మేము వినుచున్న మాటలును ఇట్టివే. కట్నము అక్కరలేదు, పెండ్లి ఖర్చు మాదే, పిల్లను దూరరాష్ట్రమునకు వెంటనే పంపుడి, అందురు. పట్టణములో ఇంటిపని యని ముందుగా సొమ్మిచ్చి, చిరునామా మాత్రము చెప్పరు. ఆధారు కార్డు మా యొద్ద ఉంచుడి అందురు. ఇట్టి మాట విన్నప్పుడు రామప్పంతులు మన గుమ్మములోనికి వచ్చినాడని తెలిసికొనవలెను.

మన రాజ్యాంగము 23వ అధికరణమున మనుష్యుల వ్యాపారమును నిషేధించినది. మోసపోయినవాడు తానే ఒప్పుకొనినాడనుట నేరస్థునికి చట్టములో సాకు కాదు. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదు. కావున కాపరులమైన మేము పెండ్లి ప్రకటన చదువక మునుపు వయస్సు పత్రము అడిగి చూడవలెను. బడికి రాని బిడ్డ ఎక్కడికి పోయెనో ఉపాధ్యాయుడు విచారింపవలెను. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఇండ్లలో వినిన అనుమానపు మాటను దాచరాదు. స్త్రీల సమాజము వారు తల్లులతో మాటలాడవలెను. పనికి పోవు వారి చిరునామా, యజమాని పేరు, తోడు పోవువాని ఫోను నంబరు వ్రాసి ఇంట నుంచవలెను. బిడ్డల ఆపదకు 1098, స్త్రీలకు 181, ఏ ఆపదకైనను 112 నంబరునకు ఫోను చేయవచ్చును. తిరిగివచ్చిన బిడ్డను నిందింపక, యింటిలోను గుడిలోను మునుపటి చోటు ఇయ్యవలెను.

రూబేను యోసేపును విడిపింప దలచెను గాని, బేరము జరిగినవేళ అక్కడ లేడు. గోతియొద్దకు తిరిగివచ్చి బట్టలు చింపుకొనెను. ఈ నెల ప్రతి సంఘములో ఒక ఆదివారము ఆరాధన పిమ్మట పెద్దలు కూర్చుండి, మన యూరినుండి దూరము పోయిన బిడ్డల పేర్లు వ్రాసి, ఒక్కొక్కరు క్షేమముగా నున్నారో లేదో విచారింతురు గాక. ఆ పేర్లనెత్తి ప్రార్థించుడి.