ఋణముతో త్రవ్విన కాలువ: డివిట్ క్లింటన్ జీవితము

అప్పు అను మాట వినగానే గృహస్థుని గుండె ఝల్లుమనును. అప్పు చేసి పప్పుకూడు తినువానిని లోకము పరిహసించును. కాని అప్పు చేసి చెఱువు త్రవ్వించి, ఆ చెఱువు క్రింది పంటతోనే అప్పు తీర్చినవానిని లోకము మెచ్చును. ఒక కుటుంబము విషయమున చెల్లు ఈ భేదము ఒక ప్రభుత్వము విషయమునను చెల్లునని కార్యరూపమున నిరూపించిన పురుషుడొకడు అమెరికా దేశమందలి న్యూయార్కు రాష్ట్రమున ఉండెను. అతని పేరు డివిట్ క్లింటన్. గోదావరి కృష్ణా కాలువలమీది లాకులను, వానిగుండ దిగి పోవు పడవలను ఎఱిగిన చదువరులకు అతని చరిత్ర పరాయిదిగా తోపదు.

క్లింటన్ 1769వ సంవత్సరము మార్చి 2వ తేదీన లిటిల్ బ్రిటన్ అను పల్లెలో జన్మించెను. న్యూయార్కు నాటికి ఇంకను ఇంగ్లీషువారి వలస రాజ్యమే. తండ్రి జేమ్స్ క్లింటన్ స్వాతంత్ర్య సమరమున సేనానిగా పోరాడినవాడు. పినతండ్రి జార్జి క్లింటన్ న్యూయార్కు రాష్ట్రమునకు మొదటి గవర్నరై, పిమ్మట అమెరికా ఉపాధ్యక్షుడైనవాడు. డివిట్ 1786లో కొలంబియా కళాశాలలో పట్టము పొంది, న్యాయశాస్త్రము చదివి, పినతండ్రి కొలువున కార్యదర్శిగా రాజకీయములలో అడుగు పెట్టెను. 1803 మొదలు 1815 వఱకు, నడుమ కొలది విరామములు తప్ప, న్యూయార్కు నగరమునకు మేయరుగా నుండెను. 1805లో పేదబిడ్డలకు రుసుము లేని బడులు పెట్టుటకై ఏర్పడిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు.

ఆయన దోషములను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. క్లింటన్ అభిమానధనుడు, మాట దురుసువాడు. ఉద్యోగములను తన పక్షమువారికి పంచి ఎదిరిపక్షమువారిని తొలగించుటకు వెనుదీయలేదు. అందుచే ఆయనకు మిత్రులెందఱో శత్రువులును అందఱే. 1812లో దేశాధ్యక్ష పదవికి మాడిసన్‌తో పోటీచేసి ఓడిపోయెను. 1815లో మేయరు పదవియు పోయెను. ఆయన రాజకీయ జీవితము ముగిసినదని పలువురు తలచిరి. అట్టి తఱిని ఆయన చేపట్టిన కార్యమే ఆయన పేరు నిలిపినది.

ఆ కార్యము తెలియవలెనన్న ఆ భూమి తీరు తెలియవలెను. న్యూయార్కు నగరము అట్లాంటిక్ సముద్రతీరమున ఉన్నది. అచటనుండి హడ్సన్ నది వెంట ఉత్తరముగా ఇంచుమించు 150 మైళ్లు పోయినచో ఆల్బనీ పట్టణము. ఆల్బనీకి పడమర 300 మైళ్ల దూరము అడవులు, బురదనేలలు. ఆ చివర ఇరీ మహాసరస్సు, దాని ఆవల అంతులేని సారవంతమైన భూములు. ఆ భూముల పంట సముద్రము చేరుటకు దారి లేదు. సరస్సు ఒడ్డునున్న బఫలోనుండి న్యూయార్కు నగరమునకు ఒక టన్ను సరకు బండిమీద తోలినచో కూలి ఇంచుమించు 100 డాలర్లు. ధాన్యము వెల కంటె బండికూలియే ఎక్కువ. గాదె నిండినను రైతు చేతికి కాసు రాదు.

కాలువ త్రవ్వవలెనని చాటినవారిలో జెస్సీ హాలీ అను పిండి వర్తకుడు ముఖ్యుడు. రవాణా సౌకర్యము లేక వ్యాపారము చెడి, అప్పులపాలై, బాకీదారుల చెఱసాలలో పడి, అచట కూర్చుండియే 1807, 1808 సంవత్సరములలో ఒక పత్రికకు పదునాలుగు వ్యాసములు వ్రాసి పంపెను. హడ్సన్ నదిని ఇరీ సరస్సుతో కలుపుటయే ఆ వ్యాసముల సారాంశము. అప్పు తీర్చలేక బందీయైనవాని తలపును రాష్ట్రమంతయు అప్పు చేసి నెఱవేర్చుట విధి విలాసమే కదా! అప్పటి దేశాధ్యక్షుడు జెఫర్సన్ కాలువ సంగతి విని, అది మంచిదే గాని నూఱేండ్లు ముందుగా తలపెట్టిన పనియని త్రోసిపుచ్చెను.

1810లో రాష్ట్రము కాలువ మార్గము పరీక్షించుటకు నియమించిన సంఘములో క్లింటన్ ఒకడు. నగరసుఖములెఱిగిన ఆయన పడవలమీదను బండ్లమీదను ఆ మార్గమంతయు తిరిగి, చూచినదెల్ల దినచర్యగా వ్రాసికొనెను. పిమ్మట కేంద్ర ప్రభుత్వపు సహాయము కోరి రాజధానికి పోయెను. వట్టి చేతులతో మరలెను. అంతలో ఇంగ్లండుతో యుద్ధము వచ్చెను. యుద్ధము ముగిసిన పిదప 1815 డిసెంబరులో నగరమున సభ జరిపి, కాలువ యావశ్యకతను వివరించు విజ్ఞాపనపత్రమును క్లింటన్ స్వయముగా రచించెను. వేలకొలది ప్రజలు దానిపై చేవ్రాలు చేసిరి. 1817 మార్చిలో, రోడ్లకును కాలువలకును కేంద్రనిధి ఏర్పఱుచు బిల్లును అధ్యక్షుడు మాడిసన్ తన పదవీకాలపు చివరి దినమున తిరస్కరించెను. ఇక రాష్ట్రమునకు తన రెక్కలే దిక్కు.

కావలసిన సొమ్ము ఇంచుమించు 60 లక్షల డాలర్లు. 1820 జనాభాలెక్క ప్రకారము రాష్ట్రప్రజ 13 లక్షల 72 వేలు. అంత సొమ్ము పన్నులుగా ఒక్కసారి పిండినచో ప్రజలు నిలువరు. అప్పు చేసినచో ఆ భారము మనుమల మెడకు చుట్టుకొనునని ప్రతిపక్షులు గోలపెట్టిరి. కాలువకు క్లింటను గుంటయని పేరు పెట్టి నవ్విరి. అయినను 1817 ఏప్రిల్ 15వ తేదీన శాసనసభ కాలువ చట్టమును ఆమోదించెను.

ఆ చట్టమందలి ఏర్పాట్లను లెక్కలెఱిగినవారు శ్రద్ధతో గమనింపవలెను. మొదటిది: కాలువ త్రవ్వించు సంఘము వేఱు, సొమ్ము తెచ్చి చెల్లించు సంఘము వేఱు. పలుగుపట్టినవాని చేత పెట్టె తాళము పెట్టలేదు. రెండవది: అప్పు చేయుటకు ముందే దాని వడ్డీకి రాబడి చూపిరి. రాష్ట్రమున పండు ఉప్పుపై సుంకము, నగరమున వేలము వేయు సరకులపై సుంకము, ఆవిరి ఓడల ప్రయాణికులపై పన్ను మొదలగునవి కాలువనిధికి ప్రత్యేకించిరి. కాలువ ప్రక్కన 25 మైళ్ల లోపలి భూములపై పన్ను వేయు అధికారమును ఉంచుకొనిరి గాని దానిని వసూలు చేయవలసిన పని లేకపోయెను. మూడవది: కష్టమైన కొనలను విడిచి, నేల సమముగా నుండు నడిమి భాగమును ముందుగా పూర్తిచేయ నిశ్చయించిరి. ఆ భాగమున పడవ నడచినచో జనులకు నమ్మకము కుదురును. నమ్మకము కుదిరినచో తక్కిన అప్పు పుట్టును.

ఆ సంవత్సరమే క్లింటన్ గవర్నరుగా ఎన్నికయ్యెను. జూలై 4వ తేదీన రోమ్ అను గ్రామమువద్ద తొలి పలుగు పడెను. ఋణపత్రములను మొదట పెద్ద ధనికులు నమ్మరైరి. చిన్న మొత్తములవారే ముందుకు వచ్చిరి. 1819లో న్యూయార్కు నగరమున ప్రారంభమైన పొదుపు బ్యాంకు, పనివారును సేవకులును దాచుకొన్న సొమ్మును తెచ్చి ఈ పత్రములను విరివిగా కొనెను. కూలివాని పొదుపు కాలువగా మారినదన్నమాట. నడిమిభాగమున పడవలు తిరుగుట చూచిన పిమ్మట లండను నగరపు షావుకారులును ఎగబడి కొనిరి.

పని సులువుగా సాగలేదు. బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డెస్ అను నాయకులు న్యాయాధికారులుగాను భూమి కొలతగాండ్రుగాను పనిచేసినవారే గాని, ఇంజనీరు విద్య చదివినవారు కారు. పని చేయుచునే పని నేర్చిరి. నీటిలో గట్టిపడు సున్నము దేశమున లేక చిక్కుపడగా, కాన్వస్ వైట్ అను యువకుడు దారిలోనే దానికి తగిన రాతిని కనుగొనెను. 1819లో మాంటిజూమా బురదనేలలలో చలిజ్వరము వ్యాపించి వేయిమంది పనివారు మంచము పట్టిరి. ఎందఱో మరణించిరి. ఐర్లండునుండి వలసవచ్చిన కూలీలు వారిలో పలువురు. కాలువ నడచిన నేల అంతకు పూర్వము ఇరాక్వా జాతులవారిది. వారినుండి ఆ భూములు జాఱిపోయిన పిదపనే ఆ మార్గము తెఱపియైనది. లెక్కల పుస్తకములలో ఈ పద్దులు లేవు గాని, చరిత్రలో వ్రాయక తప్పదు.

1822 చివర క్లింటన్ గవర్నరు పదవి విడిచెను. కాలువ సంఘములో మాత్రము జీతము లేకయే పనిచేయుచుండెను. 1824 ఏప్రిల్‌లో, పని ముగియుటకు ఏడాదిన్నర ముందు, కారణము చెప్పకయే శాసనసభవారు ఆయనను ఆ సంఘమునుండియు తొలగించిరి. ఫలము చేతికందు సమయమున తోటమాలిని వెళ్లగొట్టిన ఆ కృత్యమునకు ప్రజలు మండిపడిరి. ఊరూర సభలు జరిగెను. నవంబరులో ఆయనను గొప్ప ఆధిక్యముతో మరల గవర్నరుగా ఎన్నుకొనిరి. పడగొట్టదలచినవారే పల్లకి యెక్కించిరి.

1825 నాటికి కాలువ పూర్తియయ్యెను. పొడవు 363 మైళ్లు, వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు. లాకులు 83. సరస్సునకును హడ్సన్ నదికిని మట్టమున గల ఇంచుమించు 570 అడుగుల భేదమును పడవలు ఆ లాకుల మెట్లమీదుగా దిగుచుండెను. ఖర్చు 71 లక్షల డాలర్లకు పైగా తేలెను. అక్టోబరు 26వ తేదీన క్లింటన్ బఫలోలో సెనెకా చీఫ్ అను పడవ యెక్కెను. దారిపొడుగున నిలిపిన ఫిరంగులు ఒకదాని ధ్వని విని మఱియొకటి ప్రేలి ఆ వార్తను న్యూయార్కు వఱకు చేర్చెను. నవంబరు 4వ తేదీన సముద్రముఖమున, పీపాలో తెచ్చిన సరస్సు నీటిని ఆయన స్వహస్తముతో అట్లాంటిక్‌లో పోసెను. భగీరథుని వెంట గంగ సాగరము చేరిన కథ ఎఱిగిన మనకు ఆ దృశ్యమును ఊహించుట కష్టము కాదు.

టన్నుకు 100 డాలర్లుండిన రవాణాకూలి 10 డాలర్లకును లోపలికిని దిగెను. మూడు వారముల ప్రయాణము ఎనిమిది పది దినములకు తగ్గెను. ఒడ్డున పట్టణములు లేచెను. న్యూయార్కు దేశమునకు ముఖ్యమైన రేవయ్యెను. పడవసుంకము త్వరలోనే వడ్డీని మించెను. 1836 నాటికి తొలి ఋణమునంతయు తీర్చుటకు చాలిన సొమ్ము నిధిలో చేరెను. ప్రతిపక్షులు భయపెట్టిన మనుమల తరము వచ్చునప్పటికి అప్పు లేదు, కాలువ ఉన్నది. 1882లో సుంకమును పూర్తిగా ఎత్తివేసిరి.

ఆ దినమును క్లింటన్ చూడలేదు. 1828 ఫిబ్రవరి 11వ తేదీన, గవర్నరుగా నుండగనే, ఆల్బనీలో తన ఇంట ఆకస్మికముగా గుండె ఆగి మరణించెను. రాష్ట్రపు అప్పును అంత చక్కగా కట్టుదిట్టము చేసినవాడు తన యింటి లెక్కలను దిద్దుకొనలేదు. భార్యాబిడ్డలకు మిగిలినవి బాకీలే. సొంత సమాధికి సొమ్ము లేక దేహమును ఒక మిత్రుని కుటుంబపు సమాధిలో ఉంచిరి. అది అచట పదునాఱేండ్లు ఉండెను. 1844లో న్యూయార్కు చేరువనున్న బ్రూక్లిన్‌కు తరలించిరి. శాసనసభ ఆయన బిడ్డల పోషణకు 10,000 డాలర్లు మంజూరు చేసెను. కోట్ల వర్తకమునకు దారి తీసిన చేతికి లంచపు మరక అంటలేదనుటకు ఆ పేదఱికమే సాక్షి.

ఆయన కథ ఇచటితో ముగించినచో సగమే చెప్పినట్లగును. న్యూయార్కు లాభమును చూచి తక్కిన రాష్ట్రములకు నోరూరెను. పెన్సిల్వేనియా, ఇండియానా, ఇల్లినాయ్, మిచిగన్ మొదలగునవి కాలువలకును రైలుమార్గములకును లక్షలు కోట్లు అప్పు చేసెను. ఇండియానా 1836లో ఒక్క చట్టముతో కోటి డాలర్ల పనులకు పూనుకొనెను. వారు క్లింటన్ కాలువను చూచిరి గాని, కాలువ వెనుకనున్న లెక్కను చూడలేదు. అన్ని జిల్లాలవారిని తృప్తిపఱుచుటకు అన్ని పనులను ఒక్కసారి మొదలిడిరి, దేనిని ముగింపరైరి. వడ్డీకి వేఱు రాబడి చూపక, క్రొత్త అప్పుతోనే పాత వడ్డీ కట్టిరి. 1837లో ఆర్థిక సంక్షోభము వచ్చెను. 1841, 1842 సంవత్సరములలో ఎనిమిది రాష్ట్రములును ఫ్లారిడా ప్రాంతమును వడ్డీ చెల్లింపలేక చేతులెత్తెను. కొన్ని అప్పునే కాదనెను. న్యూయార్కు సైతము 1835 తరువాత కాలువ వెడల్పు చేయుటకును ఉపకాలువలకును అమితముగా అప్పు చేసి, 1842లో పనులాపి పన్ను వేయవలసివచ్చెను. 1846లో తన రాజ్యాంగమును మార్చి, ఇకపై పెద్ద ఋణము చేయదలచినచో ఏ పనికో, ఏ పన్నుతో తీర్తురో చట్టమున చెప్పి ప్రజల వోటు పొందవలెనని నియమము చేసెను.

మన దేశమునను రాజ్యాంగము 293వ అధికరణము రాష్ట్రములకు ఋణము చేయు అధికారము నిచ్చినది. శాసనసభ దానికి హద్దు విధింపవచ్చును. కేంద్రమునకు బాకీయున్న రాష్ట్రము కేంద్రము అనుమతి లేక క్రొత్త అప్పు చేయరాదు. కనుక క్లింటన్ చరిత్ర మనకు వట్టి కాలక్షేపము కాదు. ఆనకట్టకో రోడ్డుకో ప్రభుత్వము అప్పు చేసినదని పత్రికలో చదివినపుడు కోపపడుటయు, చంకలు గ్రుద్దుకొనుటయు తొందరపాటే. ఆ పని ఏనాటికి ముగియును, వడ్డీ ఏ రాబడినుండి వచ్చును, పెట్టె తాళము ఎవరి చేత ఉన్నది అని అడుగుట వివేకము. ఈ మూడింటికి సమాధానము చెప్పి అప్పు చేసినవాడు క్లింటన్. చెప్పకయే చేసినవారి కాలువలు పెక్కు సగములోనే పూడిపోయెను.