బ్రూక్లిన్ వంతెన నిర్మాణ సారథి వాషింగ్టన్ రోబ్లింగ్

ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన వంతెనలలో అమెరికాలోని బ్రూక్లిన్ వంతెనకు విశిష్ట స్థానం ఉంది. న్యూయార్క్‌లోని మన్‌హటన్, బ్రూక్లిన్ ప్రాంతాలను ఈస్ట్ రివర్ జలమార్గంపై కలుపుతున్న ఈ వేలాడే వంతెన 1883 మే 24న ప్రారంభమైంది. రెండు గోపురాల నడుమ 1,595 అడుగులకు పైగా, అనగా సుమారు 486 మీటర్ల దూరం ఆధారస్తంభం లేకుండా సాగే ఈ కట్టడం 1903 వరకు ప్రపంచంలోని వేలాడే వంతెనలన్నింటిలోకీ పొడవైనది. ఉక్కు తీగలతో కేబుళ్లు అల్లిన తొలి వేలాడే వంతెన కూడా ఇదే. ఈ మహా నిర్మాణాన్ని చీఫ్ ఇంజనీరుగా నడిపించిన వాషింగ్టన్ రోబ్లింగ్ సుమారు పదేళ్లపాటు నిర్మాణ స్థలంలో అడుగుపెట్టలేని స్థితిలో ఉండి కూడా తన బాధ్యతను విడిచిపెట్టలేదు.

బాల్యం - విద్య

వాషింగ్టన్ రోబ్లింగ్ 1837 మే 26న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని శాక్సన్‌బర్గ్‌లో జన్మించారు. జర్మనీ నుండి వలస వచ్చిన ఆయన తండ్రి జాన్ ఆగస్టస్ రోబ్లింగ్ లోహపు తీగల మోకుల తయారీలోను, వేలాడే వంతెనల నిర్మాణంలోను పేరు గడించిన ఇంజనీరు. ట్రాయ్ నగరంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ విద్యాలయంలో 1857లో చదువు ముగించిన వాషింగ్టన్, తండ్రి వద్దనే వంతెనల పనిలో ప్రవేశించారు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యంలో చేరి, 1863లో గెటిస్‌బర్గ్ పోరులో పాల్గొన్నారు. తన పై అధికారి జనరల్ వారెన్ సోదరి ఎమిలీ వారెన్‌ను 1865 జనవరిలో వివాహమాడారు. నీటి అడుగున పునాదులు వేసే పద్ధతులను అధ్యయనం చేయుటకు 1867లో దంపతులిరువురు ఐరోపా వెళ్లారు.

తండ్రి మరణం - కొడుకుపై భారం

ఆ రోజులలో న్యూయార్క్, బ్రూక్లిన్ వేర్వేరు నగరాలు. ఈ రెండింటి మధ్య రాకపోకలకు పడవలే శరణ్యం. చలికాలంలో మంచుగడ్డలు అడ్డుపడినప్పుడు అవి కూడా నిలిచిపోయేవి. వంతెన ప్రణాళికను జాన్ రోబ్లింగ్ రూపొందించారు. 1869 జూన్‌లో స్థల సర్వే జరుపుతుండగా పడవ తగిలి ఆయన పాదం నలిగింది. ధనుర్వాతం సోకి జులై 22న కన్నుమూశారు. పని మొదలు కాకముందే సారథిని కోల్పోయిన వంతెన భారం 32 ఏళ్ల వాషింగ్టన్ భుజాలపై పడింది. 1870 జనవరిలో నిర్మాణం ప్రారంభమైంది.

నీటి అడుగున పునాది

గోపురాల పునాదులకు కైసన్ పద్ధతిని అనుసరించారు. కైసన్ అనగా అడుగు భాగం లేకుండా బోర్లించిన అతి పెద్ద కొయ్యపెట్టె. దానిలోనికి గాలిని అధిక ఒత్తిడితో పంపి, నీటిని వెలుపలికి నెట్టి, లోపల కూలీలు మట్టిని తవ్వుతారు. పైన రాతికట్టు పెరిగేకొద్దీ ఆ బరువుతో పెట్టె కిందికి దిగుతుంది. బ్రూక్లిన్ వైపు కైసన్ 44 అడుగుల లోతున గట్టి నేలను చేరింది. న్యూయార్క్ వైపు మాత్రం లోతు 78 అడుగులకు చేరినా రాతిపొర సమంగా తగలలేదు.

ఒత్తిడి గల గాలి నుండి త్వరగా బయటకు వచ్చిన వారి రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడతాయి. కీళ్లనొప్పులు, పక్షవాతం, ఒక్కొక్కప్పుడు మరణం సంభవిస్తాయి. దీని కారణం నాటి వైద్యులకు స్పష్టంగా తెలియదు. కూలీలు మరణించడం ఆరంభమైంది. మరింత తవ్వితే మరిన్ని ప్రాణాలు పోతాయి; ఆపితే గోపురం ఇసుకపై నిలవాలి. యుగాలుగా కదలక గట్టిపడిన ఆ ఇసుక పొర గోపురం బరువును మోయగలదని నిర్ధారించుకొని, 1872 మేలో రోబ్లింగ్ తవ్వకం నిలిపివేయించారు. ఆ గోపురం నేటికీ ఆ ఇసుకపైనే నిలిచి ఉంది.

ఎమిలీ సహకారం

పలుమార్లు కైసన్‌లోనికి దిగిన రోబ్లింగ్ సైతం 1872లో అదే వ్యాధికి గురయ్యారు. తర్వాత పని స్థలానికి వెళ్లలేకపోయారు. బ్రూక్లిన్‌లోని ఇంటి కిటికీ నుండి దుర్భిణితో పని పురోగతిని గమనిస్తూ సూచనలు ఇచ్చేవారు. గణితం, పదార్థాల బలం, కేబుళ్ల వంపు లెక్కలను అభ్యసించిన ఎమిలీ ఆ సూచనలను సహాయ ఇంజనీర్లకు చేరవేసి, అధికారులతో సంప్రదింపులు జరిపారు. 1882లో ఆయనను పదవి నుండి తొలగించాలన్న ప్రతిపాదన రాగా, వంతెన ధర్మకర్తల మండలి 10 - 7 ఓట్ల తేడాతో తిరస్కరించింది.

నాసిరకం తీగల మోసం

1878లో మరొక పరీక్ష ఎదురైంది. తీగ సరఫరా కాంట్రాక్టు పొందిన జె. లాయిడ్ హేగ్, తనిఖీలో నెగ్గిన మేలిరకం తీగను దారిలో తప్పించి, తిరస్కరించిన తీగను వంతెనకు చేరవేసి, ఆ మేలిరకం తీగనే మళ్లీ తనిఖీకి పంపుతున్నట్లు బయటపడింది. అప్పటికే కేబుళ్లలో చేరిన తీగను వెలికితీయడం సాధ్యం కాదు. అయితే కేబుళ్లకు అవసరానికి ఆరు రెట్లు బలం ఉండేలా రోబ్లింగ్ ముందే లెక్కకట్టారు. నాసితీగ చేరినప్పటికీ బలం ఐదు రెట్లకు తగ్గదని తేల్చి, ఒక్కొక్క కేబుల్‌కు సుమారు 150 తీగలు అదనంగా చేర్పించారు. ఆ ఖర్చును కాంట్రాక్టరే భరించవలసి వచ్చింది. అటుపై తనిఖీని కట్టుదిట్టం చేశారు.

ప్రారంభం - తుది రోజులు

ఇరవై మందికి పైగా ప్రాణాలను బలిగొన్న ఈ నిర్మాణం 1883లో పూర్తయింది. అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ ప్రారంభోత్సవానికి హాజరై, అనంతరం రోబ్లింగ్ ఇంటికి వెళ్లి ఆయనను అభినందించారు. ఎమిలీ 1903లో మరణించారు. ఆమె సేవలను స్మరిస్తూ వంతెనపై ఫలకం ఏర్పాటైంది. రోబ్లింగ్ 84వ ఏట, 1921లో కుటుంబ సంస్థ అధ్యక్ష బాధ్యతలను తిరిగి స్వీకరించి, 1926 జులై 21న ట్రెంటన్‌లో తుదిశ్వాస విడిచారు.

గుర్రపు బండ్ల కాలంలో కట్టిన ఈ వంతెన నాటి కేబుళ్లతోనే నేడు మోటారు వాహనాలను మోస్తోంది. నాసితీగలు నేటికీ ఆ కేబుళ్లలోనే ఉన్నాయి. వాటి లోపాన్ని పూడ్చినది రోబ్లింగ్ ముందుచూపుతో ఉంచిన అదనపు బలమే. ప్రజల ప్రాణాలు ఆధారపడిన నిర్మాణాలలో తనిఖీకి, ముందుజాగ్రత్తకు ఉన్న విలువను ఆయన జీవితం చాటిచెబుతోంది.