ఐడా సోఫియా స్కడ్డర్ గారు

మన ఇండ్లలో ఆడపిల్లకు శారద అనియో, జ్ఞానమ్మ అనియో పేరు పెట్టుకొందుము. గ్రీకు భాషలో ఆ భావమునిచ్చు పేరు సోఫియా. జ్ఞానమని దాని అర్థము. కాన్‌స్టాంటినోపిల్ నగరమున 537లో పూర్తియైన మహామందిరమునకు ఆ పేరు వచ్చినది ఏ స్త్రీని బట్టియు కాదు, దైవజ్ఞానమును బట్టియే. ఈ పేరుగల వనితలలో రష్యా గణితవేత్త సోఫియా కొవలెవ్‌స్కయా, బ్రిటనులో స్త్రీల వైద్యవిద్యకై పోరాడిన సోఫియా జెక్స్ బ్లేక్ లోకప్రసిద్ధులు. ఇంకొకరు మన వేలూరివారే. ఐడా స్కడ్డర్ అని అందరమును పిలుచుకొందుము గాని, నడుమనున్న సోఫియాను మరచుచున్నాము.

అది తల్లిగారి పేరు. 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టిన కుమార్తెకు దానిని చేర్చిరి. తండ్రి వైద్యుడు, తాతయు వైద్యుడే. అయినను ఈ దేశమున స్థిరపడు తలంపు ఆమెకు లేదు. అమెరికాలో చదువుకొని, 1890లో జబ్బుపడిన తల్లికి సాయముగ తిండివనము వచ్చిరి, అదియు కొద్దికాలమునకే.

అక్కడ ఒక రాత్రి ఒకరి వెనుక ఒకరుగ ముగ్గురు వచ్చిరి: ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిము, మరియొక హిందువు. ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడ రమ్మని వేడిరి. తనకు వైద్యము రాదు, తండ్రిగారు వత్తురని ఆమె చెప్పగా, పరపురుషుడు వలదని మరలిపోయిరి. తెల్లవారుసరికి ముగ్గురు తల్లులును లేరు. ఆమెకు జాలి కొదువ కాలేదు, విద్య కొదువయ్యెను. పేరునకు అర్థము కలిగినది ఆ ఉదయముననే యని మా తలంపు.

1899లో న్యూయార్కునందలి కార్నెల్ వైద్యకళాశాలలో పట్టము పొంది, మరుసటి యేడు వేలూరు చేరిరి. మొదట ఒక్క మంచము. 1902లో 40 మంచముల ఆసుపత్రి. వారము వారము గుడియాత్తము వెళ్లుచు, దారిలో చెట్లనీడన ఆగి రోగులను చూచెడివారు. 1909లో వచ్చిన ప్యూజో మోటారును చూచి పల్లెజనము తొలుత దయ్యమని పరుగెత్తిరట! పిమ్మట దాని కొరకే బాటప్రక్కన కాచుకొనిరి.

ఒక్క వైద్యురాలు ఎన్ని యూళ్లకు చాలును? 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల తెరచిరి. 151 దరఖాస్తులు వచ్చినవి. 1922లో తొలిజట్టు 14 మందియు ఉత్తీర్ణులైరి. 1947లో మగపిల్లలకును చోటిచ్చిరి.

ఆమె 1960 మే 24న కొడైకానలులో కన్నుమూసిరి. చిత్తూరు వైపు నుండి బస్సులలో, రైళ్లలో వచ్చు మన తెలుగు రోగులు నేటికిని ఆ గుమ్మమునే ఎక్కుచున్నారు.