ఫ్రిట్యోఫ్ నాన్సెన్

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ (అక్టోబరు 10, 1861 - మే 13, 1930) నార్వే దేశానికి చెందిన ధ్రువప్రాంత అన్వేషకుడు, జంతుశాస్త్రవేత్త, సముద్రశాస్త్రవేత్త, రాయబారి, మానవతావాది. 1888లో ఐదుగురు సహచరులతో కలసి గ్రీన్లాండు మంచుపీఠభూమిని స్కీలపై తూర్పు నుండి పడమరకు దాటాడు. అంతకుముందు ఆ ద్వీపాన్ని లోపలిగా దాటినవారు లేరు. 1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు సాధారణంగా శరణార్థుల ప్రస్తావనలో మాత్రమే కనిపిస్తుంది. అయితే ఆయనను ప్రపంచానికి పరిచయం చేసినది స్కీ యాత్ర. ఆ యాత్రకు ఆయన చేసుకున్న ఏర్పాట్లు తరువాతి అన్వేషకులందరికీ పాఠ్యాంశమయ్యాయి.

బాల్యము, విద్య

నాన్సెన్ క్రిస్టియానియా (నేటి ఓస్లో) నగర శివారులోని స్టోర్ ఫ్రోయెన్ అనే చోట జన్మించాడు. తండ్రి బాల్డుర్ నాన్సెన్ న్యాయవాది. తల్లి అడిలైడ్ ప్రభువంశానికి చెందినది, స్వయంగా స్కీ క్రీడపై ఆసక్తి గలది. ఇంటి చుట్టూ అడవులు, కొండలు ఉండడం వలన నాన్సెన్ పసితనం నుండే స్కీలపై తిరగడం నేర్చుకున్నాడు. పదేళ్ళ వయసులో తల్లిదండ్రుల మాట కాదని హుసెబీ కొండపై స్కీ దూకుడుకు ప్రయత్నించాడు. నేలకు దిగేటప్పుడు స్కీల కొనలు మంచులో గుచ్చుకొని, తలక్రిందులుగా పడి, నడుము వరకు మంచులో కూరుకుపోయాడు.

మంచు ఎరుగని మన ప్రాంతపు పాఠకులకు స్కీ అంటే ఏమిటో ఒక మాట చెప్పడం అవసరం. మెత్తటి మంచులో మామూలు చెప్పులతో నడిస్తే మోకాలి లోతు దిగబడుతుంది. బురదలో పలక పరచి దానిపై నడిస్తే కాలు దిగబడనట్లే, కాలికి ముందు కొన పైకి వంచిన పొడవైన సన్నని చెక్క కట్టుకుంటే మనిషి బరువు విస్తరించి మంచుపైననే నిలుస్తాడు. పైగా జారుతూ ముందుకు సాగవచ్చు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ప్రాంతాలలో ఇది వేల సంవత్సరాల నాటి ప్రయాణ సాధనము.

1881లో క్రిస్టియానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాన్ని ప్రధాన విషయంగా ఎంచుకున్నాడు. ఆరుబయట గడిపే అవకాశం ఉంటుందని భావించి ఆ శాస్త్రాన్ని ఎంచుకున్నాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. 1882లో వైకింగ్ అనే సీలువేట ఓడపై ఆర్కిటిక్ ప్రయాణం చేశాడు. ఓడ మంచులో చిక్కుకున్న రోజులలో దూరాన గ్రీన్లాండు తూర్పు తీరం కనిపించింది. ఆ తీరం లోపల ఏమున్నదో చూడవలెననే కోరిక అప్పుడే కలిగింది.

బెర్గెన్ జీవితము

ఆ సంవత్సరమే బెర్గెన్ మ్యూజియంలో జంతుశాస్త్ర విభాగపు పర్యవేక్షకునిగా నియమితుడయ్యాడు. సముద్రపు అల్పజీవుల నాడీవ్యవస్థపై పరిశోధన చేశాడు. 1886లో ఇటలీలోని పావియాకు వెళ్ళి కమిల్లో గోల్జీ కనిపెట్టిన కణజాల రంజన పద్ధతిని పరిశీలించాడు. నాడీకణ సిద్ధాంతానికి ఆధారమైన తొలి పరిశోధనలలో ఆయన కృషిని కూడా చేర్చుతారు.

1884 శీతకాలంలో హుసెబీ స్కీ పోటీకి హాజరు కావడానికి బెర్గెన్ నుండి పర్వతాల మీదుగా స్కీలపై క్రిస్టియానియాకు బయలుదేరాడు. తిరుగు ప్రయాణం కూడా అదే విధంగా చేశాడు. స్థానికులు చలికాలంలో ఆ కొండలు దాటడానికి సాహసించేవారు కారు. ఈ ప్రయాణంతో ఒక సంగతి ఆయనకు స్పష్టమయింది: మంచి స్కీలు, తక్కువ బరువు, వాతావరణ జ్ఞానము ఉంటే ఎంత పెద్ద మంచు మైదానమైనా దాటవచ్చు.

గ్రీన్లాండు యాత్ర - పథకము

1883లో స్వీడన్ అన్వేషకుడు నార్డెన్‌షోల్డ్, 1886లో అమెరికాకు చెందిన రాబర్ట్ పియరీ పశ్చిమ తీరం నుండి గ్రీన్లాండు లోపలికి కొంతదూరం పోయి తిరిగి వచ్చారు. నార్డెన్‌షోల్డ్ బృందంలోని ఇద్దరు సామి తెగవారు 57 గంటలలో 460 కిలోమీటర్లు స్కీలపై వెళ్ళి వచ్చామని చెప్పగా చాలామంది నమ్మలేదు. నాన్సెన్ మాత్రం స్కీలపై అది అసాధ్యం కాదని భావించాడు.

పూర్వులందరూ జనావాసాలున్న పశ్చిమ తీరం నుండి బయలుదేరారు. అలా వెళితే అవతలి తీరంలో ఆశ్రయం దొరకదు, వచ్చిన దారినే తిరిగి రావాలి. నాన్సెన్ నిర్జనమైన తూర్పు తీరం నుండి బయలుదేరి పశ్చిమానికి పోవాలని నిశ్చయించాడు. దూరం సగమవుతుంది. వెనుదిరగడానికి ఓడ గాని, గ్రామం గాని ఉండవు గనుక ముందుకు పోవడం ఒక్కటే మార్గం. ఇది తెలివైన ఆలోచనే. కాని ఆరుగురి ప్రాణాలను ఒకే పందెంలో ఒడ్డడం అని ఆనాటి విమర్శకులు అన్న మాటను కూడా త్రోసివేయలేము. నార్వే ప్రభుత్వం 5,000 క్రోనర్ల సహాయం నిరాకరించింది. ఆ మొత్తాన్ని కోపెన్‌హాగెన్ వ్యాపారి అగస్టిన్ గామెల్ ఇచ్చాడు. ఒక హాస్యపత్రిక, నాన్సెన్ గ్రీన్లాండు మంచుపై స్కీ ప్రదర్శన ఇవ్వనున్నాడనీ, చూడబోయేవారికి తిరుగు టిక్కెట్టు అవసరం లేదనీ ఎగతాళి ప్రకటన వేసింది.

పరికరముల ఎంపిక

నాన్సెన్ ప్రతి వస్తువునూ బరువుతోనే కొలిచాడు. జంతువులు లేకుండా మనుషులే బండ్లు లాగవలసి ఉండుట దీనికి కారణం. కుక్కలు, రెయిన్‌డీర్లు సమకూర్చుకోవడం గురించి ఆలోచించాడు గాని అనుకూలపడలేదు.

మొత్తం తొమ్మిది జతల స్కీలు తీసుకున్నారు. రెండు జతలు ఓక్ కలపవి, మిగిలినవి బర్చ్ కలపవి. ఓక్ స్కీల పొడవు సుమారు 2.3 మీటర్లు. బర్చ్ స్కీల అడుగున పలుచని ఉక్కు రేకు వేయించి, పాదం క్రింది భాగంలో మాత్రం ఎల్క్ చర్మపు పట్టీ అమర్చాడు. తడి మంచుపై ఉక్కు సులభంగా జారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చర్మంపై ఉన్న వెంట్రుకలు వెనుకకు జారకుండా పట్టి ఉంచుతాయి. నేటికీ కొండలెక్కే స్కీదారులు స్కీ అడుగున అంటించుకొనే పట్టీలు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. మెత్తని మంచు కోసం కెనడా తరహా వల అల్లిన మంచు చెప్పులు కూడా వెంట ఉన్నాయి.

స్లెడ్జి అనబడే మంచుబండిని ఆయనే రూపొందించాడు. పూర్వపు బండ్ల పట్టాలు సన్నగా ఉండి మెత్తటి మంచులో దిగబడేవి. నాన్సెన్ స్కీల వలె వెడల్పైన పట్టాలు పెట్టించాడు. మేకులు వాడక కలప ముక్కలను తోలుతాళ్ళతో బిగించి కట్టడం వలన బండి ఎగుడుదిగుడులపై వంగేదే గాని విరిగేది కాదు. సుమారు 2.9 మీటర్ల పొడవున్న బండి 13 కిలోలు మాత్రమే తూగింది. ఇటువంటివి ఐదు. తరువాతి కాలంలో దీనికి నాన్సెన్ స్లెడ్జి అనే పేరు స్థిరపడింది, అంటార్కిటికా యాత్రలలో దశాబ్దాల పాటు వాడారు.

వస్త్రధారణలో కూడా కొత్త పద్ధతి అవలంబించాడు. ఒకే మందమైన కోటుకు బదులు పలుచని ఉన్ని దుస్తులు ఒకదానిపై ఒకటి ధరించి, పైన గాలి చొరబడని గుడ్డతో చేసిన పలుచని పైతొడుగు వేసుకోవడం ఆ పద్ధతి. బండి లాగేటప్పుడు చెమట పడితే అదే గడ్డకట్టి ప్రాణాంతకమవుతుంది గనుక, అవసరాన్ని బట్టి ఒక పొర తీయడమో వేయడమో చేయవచ్చు. ముగ్గురు ముగ్గురు పడుకొనే రెండు రెయిన్‌డీర్ చర్మపు సంచులు, విడదీసి తెరచాపగా కూడా వాడగల గుడారము, మంచు తెలుపు నుండి కళ్ళను కాపాడే నల్ల అద్దాలు, సన్నని చీలికలున్న చెక్క కళ్ళజోళ్ళు సిద్ధం చేశాడు. స్పిరిట్ దీపంతో పనిచేసే వంటపాత్రలో వృథాగా పోయే వేడి కూడా మంచును కరిగించేటట్లు ఏర్పాటు చేశాడు.

ఇంత జాగ్రత్త పడినా ఒక పెద్ద పొరపాటు దొర్లింది. ఎండుమాంసపు పొడితో చేసే పెమికన్ అనే ఆహారంలో క్రొవ్వు కలపడం ఆనవాయితీ. కోపెన్‌హాగెన్‌లో తయారైన పెమికన్‌లో క్రొవ్వు లేదన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. దారిలో కడుపు నిండినా తీరని ఆకలితో అందరూ బాధపడ్డారు. వారానికి ఒక్కొక్కరికి ఇచ్చే కొద్దిపాటి వెన్నను కొందరు ఒక్కసారే తినివేసేవారు.

సహచరులు

నావికుడు ఒట్టో స్వెర్‌డ్రప్, సైనికాధికారి ఒలుఫ్ డీట్రిక్సన్, క్రిస్టియన్ క్రిస్టియన్సెన్, సామి తెగకు చెందిన సామ్యూల్ బాల్టో, ఊలె రావ్నా బృంద సభ్యులు. సామి తెగవారిలో అవివాహితులు కావాలని నాన్సెన్ కోరినా, నలభై దాటిన రావ్నా భార్యాబిడ్డలు గలవాడు. ప్రమాదం ఎంతటిదో ఆ ఇద్దరికీ బయలుదేరే ముందు పూర్తిగా తెలియదు. బాల్టో చెప్పిన అనుభవాలను నాన్సెన్ తన గ్రంథంలో చేర్చడం వలన వారి భయమూ ఆవేదనా కూడా మనకు తెలుస్తున్నాయి. ఆనాటి యాత్రాగ్రంథాలలో ఇది అరుదైన విషయం. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి మందులు చేర్చిన కుక్కలలో ప్రసిద్ధమైన బాల్టోకు ఈ సామ్యూల్ బాల్టో పేరే పెట్టారు.

యాత్ర

1888 జూలై 17న జేసన్ అనే సీలువేట ఓడ నుండి రెండు పడవలలో దిగి తీరానికి బయలుదేరారు. తీరం సుమారు 20 కిలోమీటర్లే. కాని ప్రవాహంలో కదులుతున్న మంచుగడ్డలు వారిని దక్షిణంగా దాదాపు 380 కిలోమీటర్లు కొట్టుకొనిపోయాయి. జూలై 29న గాని నేలపై కాలు పెట్టలేదు. పోగొట్టుకున్న దూరంలో కొంత తిరిగి తెడ్లు వేసుకుంటూ ఉత్తరంగా వెళ్ళి, ఉమివిక్ వద్ద నుండి ఆగస్టు 15న మంచుపీఠభూమి ఎక్కడం ప్రారంభించారు.

ఒక్కొక్కరు సుమారు 100 కిలోల బరువు లాగవలసి వచ్చింది. ఒక తుఫాను మూడు రోజులు గుడారం విడువనీయలేదు. ఋతువు మించిపోతున్నందున మొదట అనుకున్న క్రిస్టియన్‌షాబ్ గమ్యాన్ని మార్చుకొని, 150 కిలోమీటర్లు తక్కువైన గాడ్‌తాబ్ (నేటి నూక్) వైపు తిరిగారు. ఎత్తు ఎక్కినంతకాలం నడకా, మంచు చెప్పులే ఎక్కువ ఉపయోగపడ్డాయి. స్కీల ప్రయోజనం సెప్టెంబరు ఆరంభం నుండి పూర్తిగా తెలిసింది. సెప్టెంబరు 11న 2,719 మీటర్ల అత్యున్నత స్థానం చేరారు. రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు 45 డిగ్రీల దిగువకు పోయేది. చుట్టూ మంచే ఉన్నా త్రాగడానికి నీరు లేదు. ఇంధనం పొదుపు చేయవలసి ఉన్నందున చదునైన డబ్బాలలో మంచు నింపి, చొక్కా లోపల పెట్టుకొని ఒంటి వేడితో కరిగించుకొనేవారు.

సెప్టెంబరు 19న గాలి అనుకూలించడంతో బండ్లను జతలుగా కట్టి తెరచాపలెత్తి పశ్చిమపు వాలు దిగారు. మసక చీకటిలో స్కీలపై ముందు పోతున్న నాన్సెన్ ఎదుట ఏదో నల్లగా కనిపించి చివరి క్షణంలో ఆగాడు. అది మంచులోని లోతైన అగాధము. సెప్టెంబరు చివరివారంలో అమెరాలిక్ సముద్రపాయ చేరారు. గాడ్‌తాబ్‌కు నీటిమార్గం తప్ప దారి లేదు. స్వెర్‌డ్రప్, అక్కడ పెరిగే విల్లో కొమ్మలు వంచి, గుడారపు నేలగుడ్డ చుట్టి చిన్న పడవ తయారుచేశాడు. అక్టోబరు 3న అతడూ నాన్సెన్ గాడ్‌తాబ్ చేరి, మిగిలిన నలుగురి కొరకు పడవలు పంపారు. బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు సమర్థించుకున్న సిద్ధాంతవ్యాసానికి డాక్టరేటు లభించిందన్న వార్త నాన్సెన్‌కు అక్కడ తెలిసింది.

ఆ సంవత్సరపు చివరి ఓడ అందలేదు. ఏడు నెలలు అక్కడే గడిపి ఇన్యూట్ ప్రజల వద్ద కయాక్ నడపడం, వేట, వారి జీవన విధానము నేర్చుకున్నాడు. 1889 మే 30న క్రిస్టియానియా చేరినప్పుడు నగర జనాభాలో మూడవ వంతు రేవుకు వచ్చిందని అంచనా.

గ్రంథము, ప్రభావము

1889లో గాయని, స్కీ క్రీడాకారిణి అయిన ఈవా సార్స్‌ను వివాహం చేసుకున్నాడు. 1890లో యాత్రాగ్రంథం వెలువడింది. ఇందులో స్కీల చరిత్ర, తయారీ, వాడుక గురించి ప్రత్యేక అధ్యాయమున్నది. మధ్య ఐరోపాలో అప్పటికి వింతవస్తువుగా ఉన్న స్కీ ఈ గ్రంథం వలన విస్తృత ప్రచారం పొందింది. ఆల్ప్స్ స్కీ పద్ధతికి ఆద్యుడైన ఆస్ట్రియా దేశస్థుడు మథియాస్ జ్డార్‌స్కీ దీనిని చదివే నార్వే నుండి స్కీలు తెప్పించుకున్నాడు.

ఫ్రాం యాత్ర

మంచు ఒత్తిడికి పగలక పైకి లేచే విధంగా కోలిన్ ఆర్చర్ నిర్మించిన ఫ్రాం ఓడపై 1893లో బయలుదేరి, మంచుతో పాటు ఆర్కిటిక్ సముద్రంలో తేలుతూ పోయాడు. 1895 మార్చి 14న హ్యాల్మర్ జోహాన్సెన్‌తో, 28 కుక్కలతో ఓడ విడచి ఉత్తర ధ్రువం వైపు సాగి 86°13.6′ అక్షాంశం చేరాడు. అప్పటివరకు అంత ఉత్తరానికి పోయినవారు లేరు. గ్రీన్లాండులో ఉపకరించిన ఉన్ని దుస్తులు ఇక్కడ మోసం చేశాయి. బరువైన తోడేలు చర్మపు దుస్తులను ఓడలోనే వదలి రాగా, చెమట గడ్డకట్టి ఉన్ని దుస్తులు మంచు కవచాలయ్యాయి. ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపాలలో రాతి గుడిసెలో శీతకాలం గడిపి, 1896 జూన్‌లో బ్రిటిష్ అన్వేషకుడు ఫ్రెడరిక్ జాక్సన్‌ను కలుసుకొని స్వదేశం చేరారు.

తరువాతి జీవితము

1905లో నార్వే స్వీడన్ నుండి వేరుపడినప్పుడు ముఖ్యపాత్ర వహించి, 1906 నుండి 1908 వరకు లండన్‌లో రాయబారిగా ఉన్నాడు. 1907లో ఈవా మరణించింది. దక్షిణధ్రువానికి తానే పోవాలన్న ఆశ వదులుకొని ఫ్రాం ఓడను అముండ్‌సెన్‌కు ఇచ్చాడు. 1910లో నార్వే వచ్చిన కెప్టెన్ స్కాట్‌కు స్కీ నిపుణుడైన ట్రిగ్వే గ్రాన్‌ను పరిచయం చేశాడు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత నానాజాతి సమితి తరఫున నాలుగు లక్షలకు పైగా యుద్ధఖైదీలను స్వదేశాలకు చేర్చాడు. 1921లో శరణార్థుల హైకమిషనర్ అయ్యాడు. దేశం కోల్పోయినవారికి 1922 నుండి ఇచ్చిన గుర్తింపుపత్రమే నాన్సెన్ పాస్‌పోర్టు. క్రమంగా యాభైకి పైగా ప్రభుత్వాలు దానిని అంగీకరించాయి. రష్యా కరవు బాధితులకు, ఆర్మీనియా శరణార్థులకు కూడా పాటుపడ్డాడు.

చివరి దినములు

స్కీ అలవాటు చివరిదాకా మానలేదు. 1930 ఫిబ్రవరిలో, 68 ఏళ్ళ వయసులో, ఇద్దరు పాత మిత్రులతో కలసి కొండలకు వెళ్ళాడు. ఆయన మునుపటికంటే నెమ్మదిగా సాగుతున్నాడనీ, త్వరగా అలసిపోతున్నాడనీ మిత్రులు గమనించారు. తిరిగి వచ్చిన తరువాత జ్వరంతో మంచం పట్టి, మే 13న లైసాకర్‌లోని పోల్హోగ్డా అనే స్వగృహంలో మరణించాడు. నార్వే రాజ్యాంగ దినమైన మే 17న ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. చితాభస్మాన్ని ఆ ఇంటి ఆవరణలోనే ఒక చెట్టు క్రింద ఉంచారు.