కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన సంఘ సంచికలయందు మంత్రులు, దివానులు, కవులు, న్యాయవాదులు మొదలగువారి చరిత్రములు పెక్కులు వెలువడినవి. చదివి సంతోషించితిమి. గోష్పాద క్షేత్రమగు కొవ్వూరున జరుగుచున్న యీ మహాసభల సందర్భమున, రాత్రివేళల నాసుపత్రిలో పరులు విసర్జించిన మలమూత్ర పాత్రలను కడిగి జీవించిన యొక నియోగి చరిత్రమును కులబాంధవులకు విన్నవించుచున్నాను. ఆయన గోదావరీతీరపు బిడ్డయే. పేరు సర్వవిదితము. ఆయన పొందిన గౌరవమును మనము చెప్పుకొందుముగాని, ఆయన చేసిన యా పనినిగూర్చి సామాన్యముగా మాటాడము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 సం॥ జనవరి 12వ తేదీన భీమవరమున నారువేల నియోగి కుటుంబమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ముందుగనే కొలువు మానుకొనవలసివచ్చెను. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో సుబ్బారావుగారు నాల్గవవారు. బాల్యమున చదువుపై దృష్టి నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచిపోగా పెద్దలు పట్టి తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదివి, తుదకు చెన్నపట్టణమున హిందూ హైస్కూలునుండి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను గడచిరి. పరీక్ష తప్పిన మన పిల్లలను తలవంచుకొని తిరుగునట్లు చేయు పెద్దలు ఈ విషయము గమనింతురుగాక.

ప్రెసిడెన్సీ కళాశాల ముగించినపిదప ఆయనకు రామకృష్ణమఠమున సన్న్యసింపవలెనను కోరిక గలిగెను. మఠమువారు వైద్యము చదివి రోగులకు సేవచేయుట మేలని మరలించిరి. అట్లు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్సా తరగతికి పోవగా, ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారు దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కినది. సర్కారు వైద్యశాఖలో కొలువు దొరకలేదు.

ఆయన జీవితమును త్రిప్పివేసిన దుఃఖ మింటనే సంభవించెను. పురుషోత్తముగారు, కృష్ణమూర్తిగారు అను సోదరు లిరువురును ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ యను సంగ్రహణి వ్యాధికి బలియైరి. తిన్న యన్న మొంటబట్టక, నాలుక పూచి, రక్తము క్షీణించి, మనుష్యుడు దీపమువలె కొడిగట్టు రోగమది. నాటి వైద్యులకు దాని మూలము తెలియదు. సుబ్బారావుగారికిని ఆ జాడ్యమే సోకగా, పశ్చిమగోదావరివారే యగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. పిమ్మట వారి యాయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించిరి. కాని తన్ను బ్రతికించినదేదో, సోదరుల బ్రతికింపజాలనిదేదో తెలియవలెనను తహతహ ఆయనను నిలువనీయలేదు.

అమెరికాకు పోవుటకు ధనము కావలెను. 1919లో ఆయన శేషగిరిగారిని పరిణయమాడియుండిరి; మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సమకూర్చిరి. తక్కిన సాయమునకు వాగ్దానము చేసినది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ. ఆ ధర్మదాత మన కులమువాడు కాడు. విద్యార్థివేతనములు స్వకులమువారికే పరిమితము కావలెనని మన సభలలో వాదించు పోషకులు ఈ సంగతి నొక్కింత ఆలోచింపవలెనని నా మనవి.

1922 అక్టోబరులో బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశించిరి. చేతిలోని పట్టము చాలనందున ఆ దేశపు టాసుపత్రులలో వైద్యుడుగా కొలువు దొరకలేదు. కడుపు నింపుకొనుటకై పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రికాపు పనివాడుగా చేరిరి. పగలు పాఠములు, రాత్రి రోగులు లేవలేక మంచములందే విసర్జించిన పాత్రలను తీసికొనిపోయి కడిగి తెచ్చుట. వైద్యశాస్త్రము చదివి పట్టముగొన్న బ్రాహ్మణుడు ఆ పని చేసెను. మన యూళ్లలో నాడు ఆ పనికి వేరొక కులమును నియమించి, వారిని తాకరాదని కూడ మన మేర్పాటు చేసికొంటిమి. బోస్టనులో ఆ యేర్పాటు లేదు. పని యుండెను, చేయు చేయి కావలసియుండెను.

ఆసుపత్రి యనగా డాక్టరని మనము తలంతుము. డాక్టరు మంచమువద్ద నిలుచునది కొలది నిమిషములు. తక్కిన కాలమంతయు రోగి నర్సు చేతిలో, ఆయా చేతిలో, వార్డు పనివాని చేతిలో నుండును. పక్క తడిసిన మార్చువా రెవరు, అర్ధరాత్రి దప్పికయైన నీరిచ్చువా రెవరు, పుండు పడకుండ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టువా రెవరు? ఈ పనులకు మన సంఘమున గౌరవము లేదు. 2020లో కరోనా ప్రబలినపుడు, ఆసుపత్రిలో పనిచేయుచున్నారను కారణమున నర్సులను అద్దెయిండ్లు ఖాళీచేయుమన్నవారు దేశమున పలుచోట్ల నుండిరి. మన పిల్ల నర్సు పనికి పోయెదనన్నచో ఎన్ని గృహములలో సమ్మతింతురో ఎవరికివారే యెరుగుదురు.

హార్వర్డులో సుబ్బారావుగారు ఫిస్కె యను పండితునితో గూడి, రక్తమునందు భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెలువరించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్‌ను, ఏ.టి.పి. యను పదార్థమును వీరిరువురును కనుగొన్న సంగతి శాస్త్రజ్ఞులు బాగుగ నెరుగుదురు. 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ యౌషధశాలకు పోయి, అచట పరిశోధనలకు నాయకులైరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను మ్రింగిన స్ప్రూ వ్యాధికి అదియే మందని అనతికాలముననే రోగులయందు రుజువైనది. నేడు గర్భిణీస్త్రీలకు రక్తహీనత పోవుటకై ఊరి ఆరోగ్య కార్యకర్త ఇనుముతో గూర్చి యిచ్చు మాత్రలోనిది ఆ ఫోలిక్ ఆమ్లమే.

కొవ్వూరువారికి మరింత దగ్గరిది వేరొక మందు. కాటనుదొర యానకట్టనుండి పారు కాలువలు మన డెల్టాకు అన్నము పెట్టినవి. మురుగునీరు నిలిచినచోట్ల దోమ పెరిగి బోదకాలును తెచ్చినది. ఏనుగుకాలు వంటి కాలితో మెట్లెక్కలేక, పెండ్లి కుదురక, పొలము దున్నలేక బ్రతుకులీడ్చినవారు ఉభయగోదావరులలో నెందరో. 1947లో సుబ్బారావుగారి బృందము హెట్రజాన్ అను మందును కనుగొనిరి. డి.ఇ.సి. మాత్రలని మన యూళ్లలో చెప్పునది యిదియే. ఇది నెత్తుటిలోని సూక్ష్మక్రిములను నశింపజేయును. ఎన్నడో ఉబ్బి గట్టిపడిన కాలిని మాత్రము తిరిగి సన్నము చేయదు. కావున వాపు రాకమున్నే మ్రింగవలెను.

చిక్కంతయు నిచ్చటనే. ఏ బాధయు లేనివాడు మందేల మ్రింగును? నెత్తుట క్రిములున్నవానికి మాత్ర పడగనే జ్వరము, తలనొప్పి రావచ్చును; క్రిములు చచ్చుటచే వచ్చినదని యెరుగక మందే విషమని భయపడుదురు. 2004 మొదలు వ్యాధిగల జిల్లాలలో ఏటేట నింటింటికి మాత్రలు పంచు కార్యక్రమము సాగినపుడు, పంచిన మాత్రలు చూరులో చెక్కబడి యుండుటయే కష్టమైనది. ఎదుట నిలిచి మ్రింగించిరావలెను. రక్తపరీక్ష మరింత కష్టము: ఆ క్రిములు రాత్రివేళ గాని పైనెత్తుటిలోనికి రావు. అందుచే ఆరోగ్యశాఖ పనివారు ఊరు నిద్రపోవువేళ తలుపులు తట్టి, విసుగుకొనువారిని బుజ్జగించి, వ్రేలు గ్రుచ్చి బొట్టు నెత్తురు తీసికొనవలెను. కాలుబ్బినవారికి దినదినము కాలు కడిగి తుడుచుకొను విధము నేర్పువారును వీరే. బోస్టనులో కనుగొన్నను, న్యూయార్కులో కనుగొన్నను, మందు మన యింటి గడప దాటి లోనికి వచ్చునది వీరి చేతిమీదుగనే.

రక్తపు క్యాన్సరుతో మరణించు శిశువులకై ఆ బృందము సిద్ధపరచిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో ఫార్బరు వైద్యుడు ప్రయోగింపగా, 16 మందిలో 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. వ్యాధి మరలినను, ఆ రోగమునకు మందున్నదని లోకమునకు తెలిసినది. ఆరియోమైసిన్ వెలువడినదియు ఆ యేడే.

1948 ఆగస్టు 9వ తేదీన సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లోని తమ నివాసమున నిద్రలోనే గుండె యాగి మరణించియుండగా కనుగొనిరి. వయస్సు 53 ఏండ్లు. 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల ప్రకటించినది.

శేషగిరిగారినిగూర్చి వ్రాయక విడుచుట న్యాయము కాదు. భర్త నౌక యెక్కిన నాటికి ఆమె గర్భవతి. పుట్టిన కుమారుడు శైశవముననే పోయెను; తండ్రి బిడ్డ మొగము చూడలేదు. చదువు ముగించి వచ్చునని, పిదప పరిశోధన ముగించి వచ్చునని, యుద్ధము ముగిసిన వచ్చునని ఆమె 26 సంవత్సరము లెదురుచూచెను. ఆయన తిరిగి రాలేదు.