మిషెల్ మిరోవ్‌స్కీ

మిషెల్ మిరోవ్‌స్కీ (అక్టోబరు 14, 1924 - మార్చి 26, 1990) పోలండులో జన్మించి, ఇజ్రాయెల్, అమెరికా దేశాలలో పనిచేసిన హృద్రోగ వైద్యుడు. శరీరంలో అమర్చే స్వయంచాలక డీఫిబ్రిలేటరు రూపకల్పనకు ఈయన ఆద్యుడు. గుండె లయ ప్రమాదకరంగా చెడినప్పుడు తానే గుర్తించి, విద్యుత్ ఘాతమిచ్చి సరిచేసే ఈ పరికరాన్ని నేడు ఐసిడి అంటారు.

బాల్యము, విద్యాభ్యాసము

మిరోవ్‌స్కీ వార్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మొర్దెకాయ్ ఫ్రిడ్‌మన్. 1939లో జర్మనీ పోలండును ఆక్రమించినప్పుడు పదిహేనేళ్ళ వయసులో ఇల్లు విడిచి తూర్పు దిశగా సోవియట్ భూభాగానికి వెళ్ళిపోయాడు. యుద్ధం ముగిసేసరికి ఆ కుటుంబంలో మిగిలినవాడు ఈయన ఒక్కడే. తరువాత ఫ్రాన్సులోని లియోన్ నగరంలో వైద్యవిద్య పూర్తిచేసి ఇజ్రాయెల్ చేరాడు. మెక్సికో నగరంలోను, బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెలెన్ టౌసిగ్ వద్దను హృద్రోగ శాస్త్రంలో శిక్షణ పొందాడు.

పరిశోధనకు ప్రేరణ

ఇజ్రాయెల్‌లో మిరోవ్‌స్కీకి గురుతుల్యుడైన హారీ హెల్లర్ 1960వ దశకంలో మాటిమాటికీ గుండె లయ తప్పే వ్యాధితో బాధపడ్డాడు. గుండెలోని జఠరికలు సంకోచించకుండా వణకనారంభిస్తే రక్తప్రసరణ ఆగిపోతుంది. నిమిషాలలో విద్యుత్ ఘాతం ఇవ్వకపోతే మరణం తప్పదు. అప్పట్లో ఆ సాధనం ఆసుపత్రిలోనే ఉండేది. రోగి జీవితాంతం ఆసుపత్రిలో ఉండలేడు. హెల్లర్ కొంతకాలానికే మరణించాడు. డీఫిబ్రిలేటరును రోగి శరీరంలోనే అమర్చాలన్న ఆలోచన మిరోవ్‌స్కీకి ఈ సంఘటన వల్లనే కలిగింది.

పరికర నిర్మాణము

1968లో మిరోవ్‌స్కీ బాల్టిమోరులోని సైనాయ్ ఆసుపత్రిలో చేరి, మార్టన్ మోవర్‌తో కలిసి పరిశోధన ఆరంభించాడు. మరుసటి సంవత్సరం నమూనా పరికరాన్ని కుక్కలపై పరీక్షించారు. నిపుణులు చాలామంది దీనిని అంగీకరించలేదు. విద్యుత్ ఘాత చికిత్సలో మార్గదర్శకుడైన బెర్నార్డ్ లౌన్ 1972లో ఒక సంపాదకీయంలో దీని ఉపయోగాన్నే ప్రశ్నించాడు. పరికరం అమర్చిన కుక్క స్పృహతప్పి పడిపోయి, ఘాతం తగలగానే లేచి నిలబడే చలనచిత్రాన్ని చూపితే, అది నేర్పిన విద్య అని కొందరు అనుమానించారు. దానితో గుండె విద్యుత్ రేఖాపటాన్ని కూడా చిత్రంలో చేర్చవలసి వచ్చింది. వైద్యుడు స్టీఫెన్ హైల్మన్, ఇంజనీరు అలోయిస్ లాంగర్‌ల సహకారంతో పరికరం మనుషులకు అమర్చదగిన రూపానికి వచ్చింది.

ఫిబ్రవరి 4, 1980న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో లెవీ వాట్కిన్స్ దీనిని మొదటిసారి ఒక రోగికి అమర్చాడు. అప్పటి పరికరం సుమారు పావు కిలో బరువుండేది. ఛాతీ తెరిచి తీగలు అమర్చి, పెట్టెను కడుపు చర్మం క్రింద ఉంచేవారు. 1985లో అమెరికా ప్రభుత్వం దీని వాడకానికి అనుమతినిచ్చింది. నేటి పరికరాలు చిన్నవి. సాధారణంగా కంటె ఎముక దిగువన అమర్చి, తీగలను రక్తనాళం గుండా గుండెలోకి పంపుతారు.

పరికరం మార్పిడి సమస్య

ఐసిడి బ్యాటరీని తిరిగి ఛార్జి చేయడం కుదరదు. కొన్ని సంవత్సరాల తరువాత అది క్షీణించినప్పుడు చిన్న శస్త్రచికిత్సతో పెట్టెనంతా మార్చాలి. తీగలు బాగుంటే అవే ఉంచుతారు. బ్యాటరీ తగ్గిందని పరికరం ముందుగానే తెలియజేస్తుంది కనుక ఆలోచించుకొనే వ్యవధి ఉంటుంది. గోదావరి తీరంలోని పెనుగొండ వంటి ఊళ్ళలోనైనా, బాల్టిమోరులోనైనా రోగికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: మళ్ళీ అమర్చుకోవాలా?

మొదట అమర్చినప్పటి పరిస్థితి ఇప్పుడు ఉండకపోవచ్చు. కొందరిలో మందుల వల్ల గుండె పంపు చేసే శక్తి మెరుగుపడుతుంది. కొందరిలో వయసు, మూత్రపిండాల జబ్బు, క్యాన్సరు వంటివి పరికరం వల్ల కలిగే లాభాన్ని తగ్గిస్తాయి. మార్పిడిలో అంటువ్యాధి సోకే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ. అయితే ఇన్నేళ్ళూ ఒక్క ఘాతమైనా రాలేదు గనుక ఇక అవసరం లేదనుకోవడం కూడా పొరపాటే. అపాయం తగ్గి ఉండవచ్చుగాని పూర్తిగా పోయినట్లు కాదు. మార్చుకోకూడదని నిర్ణయించుకొన్నవారు, మరణానికి చేరువైనవారు ఘాతమిచ్చే భాగాన్ని శస్త్రచికిత్స లేకుండానే నిలిపివేయించుకోవచ్చు. గుండె కొట్టుకోవడానికి పరికరంలోని పేస్‌మేకరుపై ఆధారపడినవారి విషయం వేరు. వారికి ఆ భాగం కొనసాగాలి. మార్పిడికి ముందు లాభనష్టాలను రోగికి వివరించి, అతని కోరికను తెలుసుకోవాలని అమెరికా హృద్రోగ సంఘాల 2017 మార్గదర్శకాలు సూచించాయి.

మరణము, గుర్తింపు

మిరోవ్‌స్కీ మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సరుతో 65వ ఏట మరణించాడు. 2002లో మోవర్, హైల్మన్, లాంగర్‌లతో పాటు ఈయన పేరును అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో చేర్చారు.